తల తిరిగేదానికి తిరుగుళ్ళెందుకు?

ఈ మాట మా పెద్దత్తగారిది. మా ఇంటి వసారాలో, నలుగురి ఎదుట, ఏ దురుద్దేశమూ లేకుండా అన్నది. నేను చేతికర్ర గోడకు ఆనించి చెప్పులు వేసికొంటూ, ఆదివారం గదా, అబిడ్స్ దాకా వెళ్ళి వస్తానని చెప్పాను. ఆవిడ విసనకర్ర ఆపి, "తల తిరిగేదానికి తిరుగుళ్ళెందుకే అమ్మాయ్?" అన్నది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చేస్తాను, మాట అంత బాగుంది మరి! ముప్ఫయ్యేళ్ళు తెలుగు పాఠం చెప్పినదాన్ని. శ్లేష వినబడితే ముందు చెవి మెచ్చుకొంటుంది, ఆ తరువాతగాని మనసు నొచ్చుకోదు.

పెద్దత్తగారికి నేను జవాబు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పబోవడం లేదు. ఆవిడకు ఎనభై నాలుగేళ్ళు. ఆవిడ కాపురం చేసిన రోజుల్లో ఆడది నిక్షేపంలా ఉన్నా సరే, గడప దాటాలంటే కారణం చూపించవలసి వచ్చేది. నా తగవు ఆవిడతో కాదు. అదే మాటను శ్లేష తీసేసి, మెత్తగా, మర్యాదగా, "మీ మంచికే మేడం" అనే పూత పూసి చెబుతున్న నా స్నేహితురాళ్ళతో. చదువుకొన్నవారు, నన్ను నిజంగా ప్రేమించేవారు. అందుకే ఇంత పొడుగు వ్రాయవలసి వస్తున్నది. ప్రేమించనివారితో అయితే ఒక్క వాక్యంతో సరిపోయేది.

ముందుగా ఒక దిద్దుబాటు. నా తల తిరగదు.

మనిషి పడిపోకుండా నిలబడడానికి మూడు చోట్ల నుంచి కబుర్లు అందుతూ ఉండాలి. ఒకటి కళ్ళు. రెండవది పాదాలూ కీళ్ళూ. మూడవది లోపలి చెవి. ప్రతి చెవి లోపలా మూడు అర్ధవృత్తాకారపు గొట్టాలు, రెండు చిన్న సంచులు ఉంటాయి. తల ఎటు తిరిగిందో గొట్టాలు చెబుతాయి, ఎటు ఒరిగిందో సంచులు చెబుతాయి. ఆ కబురు అందిన తరువాత సెకనులో నూరోవంతు లోపలే కళ్ళు తలకు ఎదురుదిక్కుగా కదిలి, చూస్తున్న వస్తువును నిలబెట్టేస్తాయి. మీరు నడుస్తూ నడుస్తూ దుకాణాల బోర్డులు చదవగలగడం ఈ ఏర్పాటు పుణ్యమే. నాకు ఆ ఏర్పాటు లేదు. నడుస్తున్నంతసేపూ లోకం, గతుకుల రోడ్డు మీద బస్సులో కూర్చుని తీసిన సినిమాలాగా ఎగిరెగిరి పడుతూ ఉంటుంది. ఆగితే అదీ ఆగుతుంది. అంటే తిరిగేది నా తల కాదు, ఊగేది మీరందరూ ఉన్న లోకం. పెద్దత్తగారి శ్లేష శాస్త్రం ముందు నిలవదని చెప్పడానికి నాకు ఎంతో విచారంగా ఉన్నది.

ఎందుకిట్లా అయిందంటే, 2011లో నాకు క్షయ తిరగబెట్టింది. అప్పటి పద్ధతి ప్రకారం వారానికి మూడు చొప్పున రెండు నెలల్లో 24 స్ట్రెప్టోమైసిన్ సూదులు వేశారు. క్షయ పోయింది, ప్రాణం నిలిచింది. ఆ మందుకు ఒక దుర్గుణం ఉంది. చాలామందిలో వినికిడి జోలికి పెద్దగా పోకుండా, చెవిలో తూకం చూసే భాగాన్ని మాత్రం దెబ్బతీస్తుంది. కాబట్టి నాకు మీరు గుసగుసలాడినా వినబడుతుంది (ఈ సంగతి మా స్నేహితురాళ్ళు అప్పుడప్పుడు మరచిపోతూ ఉంటారు). తిరగబెట్టిన క్షయకు ఆ పద్ధతిని ఇక వాడవద్దని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. నాకు ఆరేళ్ళు ఆలస్యమయింది, అంతే. మందును నేను తిట్టను. అది లేకపోతే ఈ తగవు పెట్టుకోవడానికి నేనే ఉండేదాన్ని కాదు.

చెవిలో చల్లని నీళ్ళు పోసి చూసే పరీక్ష ఒకటి ఉన్నది. దాని మర్మం విప్పినవాడు వియన్నాకు చెందిన రాబర్ట్ బరానీ. 1914 సంవత్సరపు నోబెల్ బహుమానం వచ్చిందన్న వార్త ఆయనకు రష్యావారి యుద్ధఖైదీల శిబిరంలో అందింది. ఆ పరీక్ష చేస్తే ఆరోగ్యవంతులకు కనుగుడ్లు కొట్టుకొని గది గిర్రున తిరగాలి. నాకు రెండు చెవుల్లోనూ పోశారు. చెవులు చల్లబడ్డాయి. అంతకు మించి ఏమీ జరగలేదు.

ఇక అసలు సంగతి.

మేము అయిదుగురం. లెక్కల మేడం, హిందీ మేడం, ఫిజిక్స్ మేడం, లైబ్రేరియన్ గారు, నేను. ఒకే కాలేజీలో పనిచేశాం. పేర్లు ఉన్నాయిగాని ముప్ఫయ్యేళ్ళుగా పిలుచుకొన్నది ఈ బిరుదులతోనే. నెలకొక ఆదివారం ఎక్కడికైనా వెళ్ళడం మా ఆచారం. ఎక్కువగా అబిడ్స్‌కే. దుకాణాలు మూసి ఉన్న పూట ఫుట్‌పాత్‌ల మీద పరిచే పాత పుస్తకాల కోసం. ఆ తరువాత ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు. డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తకాల పండుగ. ఏడాదికొక దూరప్రయాణం. నాకు జబ్బు చేసిన తరువాత కూడా ఇది పదేళ్ళపాటు సాగింది. వారు కొంచెం మెల్లగా నడిచేవారు, నేను ఎవరిదో ఒకరి మోచేయి పట్టుకొనేదాన్ని. ఎవరూ దాన్ని పెద్ద విషయంగా తీసికోలేదు.

2022లో ఒక పెళ్ళికి వెళ్ళాం. కల్యాణమండపం మెట్లు దిగుతుండగా కరెంటు పోయింది. మెట్లకు పట్టుకమ్మి లేదు. నేను పడ్డాను. విరిగింది నా మణికట్టు, బెదిరింది వారి గుండె. ఆరు వారాలకు నా కట్టు విప్పేశారు. వారి బెదురు ఇంకా విప్పలేదు.

ఆ తరువాత నెలనెలా వచ్చే ఫోను రెండు నెలలకొకసారి అయింది. "ఈసారి ఎండ ఎక్కువగా ఉంది మేడం, మీరు అలసిపోతారు." "అక్కడ మెట్లున్నాయట మేడం." "మేమూ పెద్దగా ఎక్కడికీ వెళ్ళడం లేదు లెండి." వాట్సాప్‌లో మా అయిదుగురి గుంపు మూగబోయింది. పండుగకొక దండం బొమ్మ తప్ప ఏమీ రాదు. వయసు మీదపడుతున్నది గదా, అందరిదీ నా దారేననుకొన్నాను. మొన్న మాఘమాసంలో లైబ్రేరియన్ గారు పొరపాటున మా గుంపులో ఒక ఫోటో పెట్టి, వెంటనే తుడిచేశారు. తుడిచేలోపల నేను చూశాను. నాగార్జునకొండకు వెళ్ళే లాంచీ మీద నలుగురూ. వెనక నీళ్ళు. విచారిస్తే తెలిసింది, నలుగురితో మరో గుంపు రెండేళ్ళ క్రితమే పెట్టుకొన్నారట. ఎందుకంటే, "మా ఏర్పాట్లు మీరు చూస్తే బాధపడతారని మేడం."

నాగార్జునకొండ! ఇక్ష్వాకుల విజయపురి గురించి, అక్కడి మహాచైత్యానికి దానాలిచ్చిన చాంతిసిరి గురించి ఎన్ని బ్యాచులకు చెప్పాను! ఆనకట్ట నీళ్ళు ముంచెత్తకముందు తవ్వి తీసిన శిల్పాలు ఆ దీవి మీది మ్యూజియంలో ఉన్నాయని, ఆడవాళ్ళ పేర్లతో ఉన్న శాసనాలు చూడాలంటే అక్కడికే వెళ్ళాలని మొదట వీరికి చెప్పింది నేనే. సరే, అది నా అక్కసు. అసలు విడ్డూరం వేరే ఉంది.

నన్ను ఎందుకు తీసికొని వెళ్ళలేదని అడిగితే ఫిజిక్స్ మేడం, "లాంచీ ఊగుతుంది గదండీ, మామూలు మనుషులకే కడుపులో తిప్పుతుంది, ఇక మీకు..." అన్నారు. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. నిజం సరిగ్గా దానికి తలకిందులు. ఓడలో కడుపు తిప్పడానికి లోపలి చెవి పనిచేయాలి. అది పూర్తిగా చచ్చినవారికి ఆ బాధే లేదు. ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు. 1950ల చివర మొదలుపెట్టి పదేళ్ళపాటు అమెరికా నౌకాదళమూ, నాసా కలిసి వాషింగ్టన్‌లోని గాలడెట్ కాలేజీకి చెందిన పదకొండుమంది బధిరుల మీద ప్రయోగాలు చేశాయి. వారిలో పదిమందికి చిన్నతనంలో మెనింజైటిస్ వచ్చి లోపలి చెవి దెబ్బతిన్నది. బరువు తెలియని అంతరిక్షంలో మనిషి శరీరం ఏమవుతుందో తెలుసుకోవాలంటే, అలాంటి కుదుపులు ఏమీ చేయని మనుషులు కావలసివచ్చారు. ఒకసారి వారిని నోవాస్కోషియా తీరాన అల్లకల్లోలంగా ఉన్న సముద్రం మీదికి ఓడలో తీసికొనివెళ్ళారు. ఆ బధిరులు హాయిగా పేకాట ఆడుకొంటూ కూర్చున్నారు. పరిశోధకులు వాంతులతో పడిపోయి ప్రయోగమే మానుకోవలసి వచ్చింది.

మా లాంచీలో హిందీ మేడం వెళ్ళేటప్పుడూ, వచ్చేటప్పుడూ నిమ్మకాయ వాసన చూస్తూ కళ్ళు మూసుకొని ఉన్నారట. లెక్కల మేడం సంగతి ఇక్కడ వ్రాయకూడదు. ఆ లాంచీ మీద నిబ్బరంగా కూర్చుని అందరికీ మంచినీళ్ళు అందించగలిగిన మనిషి ఎవరైనా ఉంటే, అది ఇంటి దగ్గర వదిలివేసిన నేనే!

లాంచీ ప్రయాణంలో నాకు కష్టమే లేదా అంటే, ఉంది. రేవు నుంచి లాంచీలోకి వేసే బల్ల మీద నాలుగడుగులు. కాళ్ళ కింద బల్ల కదులుతుంది, కింద నీళ్ళు కదులుతాయి, పాదాలూ కళ్ళూ రెండూ అబద్ధం చెబుతాయి. అక్కడ ఒక మోచేయి కావాలి. పది క్షణాల పని. ఈ నాలుగడుగుల సంగతి వారికి తెలియదు. గంటసేపు ఊగుతుందన్న భయం మాత్రం ఉంది. అడిగి ఉంటే చెప్పేదాన్ని. నా ఫిర్యాదు మొత్తం ఈ ఒక్క చోట ఉన్నది. నా అపాయం ఎక్కడ ఉందో నాకు తెలిసినంతగా మీకు తెలియదు. అయినా నన్ను అడగకుండా నా తరఫున మీరే లెక్కవేసి, మీరే తీర్పు చెప్పి, పైగా నాకు బాధ కలగకూడదని తీర్పు ప్రతిని కూడా నాకు అందకుండా దాచిపెట్టారు.

"పడితే పూచీ ఎవరిది మేడం?" అన్నారు లెక్కల మేడం. ఇది తేలిక ప్రశ్న కాదు, కనుక తేలికగా జవాబు చెప్పను. నేను పడతాను. ఇంతవరకు పెద్దగా పడింది మూడుసార్లు. ఒకటి ఆ కల్యాణమండపంలో. మిగతా రెండూ మా ఇంటి స్నానాలగదిలో, ముఖానికి సబ్బు రాసుకొని కళ్ళు మూసుకొన్న క్షణంలో. చెవి కబురు ఎలాగూ లేదు, కళ్ళు మూసుకొంటే రెండవదీ పోయింది, తడిసిన నేల మీద మూడవదానికి పట్టు దొరకలేదు. ఇక నిలబెట్టేది ఎవరు? కాబట్టి లెక్కల మేడం లెక్క ప్రకారమే చూసినా, నన్ను దూరంగా ఉంచవలసింది అబిడ్స్ నుంచి కాదు, సబ్బు నుంచి. ఇల్లు భద్రమన్నది ఇంట్లో స్థిరంగా నిలబడగలిగినవారి నమ్మకం.

పూచీ మాట వెనక ఇంకొకటి ఉన్నదని తరువాత తెలిసింది. మా అబ్బాయి డల్లాస్ నుంచి వారికి ఫోను చేశాడట. "అమ్మను ఎక్కడికీ తీసికెళ్ళకండి ఆంటీ, ఏమన్నా అయితే నేను వెంటనే రాలేను" అని. వాడి భయం వాడిది. అంత దూరాన ఉన్నవాడికి ఆ మాత్రం భయం ఉండడం సహజమే. కాని గమనించండి: ఆ ఫోనులో నా కాళ్ళ గురించి, నా ఆదివారాల గురించి, నా మిగిలిన ఆయుష్షు గురించి మాట్లాడుకొన్నారు. వాడున్నాడు, వారున్నారు. నేను లేను. అరవై దాటిన తరువాత మనిషి మళ్ళీ మైనరు అవుతుందని ఏ చట్టంలో ఉన్నదో నాకు తెలియదు. పూచీ నాది. కావాలంటే వంద రూపాయల స్టాంపు కాగితం మీద వ్రాసి ఇస్తాను, లైబ్రేరియన్ గారు సాక్షి సంతకం చేయవచ్చు.

ఇంతకంటే బలమైన మాట ఇంకొకటి ఉంది. అది వారెవరూ అనలేదు, అనుకొని ఉంటారు కాబట్టి నేనే అంటాను. "అయితే గియితే ఇంట్లో కూర్చోవడం వల్ల మీకు పోయిందేమిటి?" పోయింది. మణికట్టు విరిగాక ఎనిమిది నెలలు నేను దాదాపు ఇల్లు కదలలేదు. ఎనిమిది నెలల తరువాత వీధి చివర కూరగాయల బండి దాకా వెళ్ళాలన్నా గోడలు పట్టుకొని నడవవలసి వచ్చింది. అంతకు ముందు అబిడ్స్ జనంలో నడిచినదాన్ని! జబ్బు పెరగలేదు. పెరగడానికి అక్కడ ఇంక ఏమీ మిగల్లేదని చల్లనీళ్ళ పరీక్షలో ఏనాడో తేలింది. పోయింది అలవాటు. చెవి చేయవలసిన పనిని కళ్ళూ పాదాలూ ఎంతో కొంత పంచుకొంటాయి, కాని రోజూ పని చెబితేనే. రద్దీలో నడవడం రద్దీలోనే వస్తుంది. హాల్లో సోఫా చుట్టూ ప్రదక్షిణాలు చేస్తే రాదు.

ఇదీ నా సొంత సిద్ధాంతం కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లండులో కాథోర్న్, కుక్సీ అనే ఇద్దరు వైద్యులు, తలకు గాయాలై తూకం తప్పినవారి కోసం కొన్ని కసరత్తులు ఏర్పరచారు. ఇప్పటికీ ఆసుపత్రులలో ఇచ్చే కాగితాల మీద వారి పేర్లే ఉంటాయి. నాకూ ఇచ్చారు. మొదట కళ్ళు కదపడం, తరువాత తల, తరువాత లేచి కూర్చోవడం, చివరకు నడుస్తూ బంతి ఎగరవేసి పట్టుకోవడం, మెట్లెక్కి దిగడం, వంగి గురిచూసి ఆడే ఆటలు. మా కాగితం మీద లేనిది, నేను తరువాత చదివి తెలుసుకొన్నది ఏమిటంటే, వారు ఈ కసరత్తులను ఒంటరిగా గదిలో చేయించలేదు. రోగులను గుంపుగా చేర్చి చేయించారు. గోలగా ఉన్నచోట, జనం ఉన్నచోట మసలడం అలవాటు చేసికొమ్మని ప్రోత్సహించారు. నా జబ్బు సరిగ్గా వారు చూసినది కాదు, నాకు పోయినది రెండు చెవులూ. అయినా అది చదివినప్పుడు నాకు ఏమనిపించిందంటే, వంగడం, లేవడం, గురిచూసి చేయి చాపడం, చుట్టూ జనం, గోల - ఇవన్నీ కలిపి అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారంనాడు పాత పుస్తకం ఏరడమే గదా! నా చికిత్సను మీరు షికారు అనుకొని ఆపేశారు.

"మేమే ఇంటికి వస్తున్నాం గదా మేడం" అన్నారు హిందీ మేడం. వస్తున్నారు. బత్తాయిలు తెస్తున్నారు. సోఫాలో వరసగా కూర్చుంటారు. మొదటి పావుగంట నా ఆరోగ్యం. తరువాత నా మందులు. తరువాత ఎవరికో ఇలాగే ఉంటే కేరళలో నూనెలు పోస్తే తగ్గిందన్న వార్త. గొంతులు ఎందుకో తగ్గిపోతాయి. దీన్ని పరామర్శ అంటారు. నాకు క్షయ ఉన్న రోజుల్లో పరామర్శలు కావలసినన్ని జరిగాయి, ఇంకా వద్దు. బయట తిరిగిన రోజుల్లో మేము ఎవరి ఆరోగ్యం గురించీ మాట్లాడుకోలేదు. ప్రిన్సిపాళ్ళను తిట్టుకొన్నాం. బతికున్న కవులనూ చనిపోయిన కవులనూ తిట్టుకొన్నాం. నలభై రూపాయల పుస్తకాన్ని పాతికకు అడిగి, ముప్ఫయికి కొని, ఇరవై నాలుగు గంటలు గర్వపడ్డాం. ఒకసారి చాయ్ కొట్లో ఫిజిక్స్ మేడం నవ్వుతూ నవ్వుతూ సాసరు విరగ్గొట్టారు. మా ఇంటి సోఫా మీద ఆవిడ ఒక్కసారి కూడా అలా నవ్వలేదు. రోగి ఇంట్లో నవ్వకూడదన్నది ఆవిడ సంస్కారం.

నా తప్పు ఏమీ లేదా? ఉన్నది, చెబుతాను. చాలాకాలం నేను "బాగానే ఉన్నాను" అనే అబద్ధం మీద బతికాను. చీకటిపడితే నాకు నడక కష్టమని చెప్పడానికి సిగ్గుపడి, "ఇంట్లో పని ఉంది" అని మధ్యలో లేచి వచ్చేసిన సాయంత్రాలు ఎన్నో. మెట్ల మీద ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పేదాన్ని కాదు. మెట్టు చూడాలి, అడుగు చూడాలి, అక్కడ మాటకు చోటుండదు. వారు నేను అలిగాననుకొన్నారు. వీధిలో ఎదురుపడ్డ విద్యార్థులను పలకరించకుండా వెళ్ళిపోతే గర్వమనుకొన్నారు. నడుస్తున్నప్పుడు నాకు మొహాలు ఆనవని వారికి తెలిసేదెట్లా? 1952లో ఒక వైద్యుడు, పేరు చెప్పకుండా పొడి అక్షరాలు మాత్రం వేసికొని, బోస్టన్ నుంచి వెలువడే ఒక వైద్యపత్రికలో తన కథ వ్రాశాడు. ఆయనకూ స్ట్రెప్టోమైసినే. పడక మీద చదువుకోవాలంటే నాడి కొట్టుకొన్నప్పుడల్లా అక్షరాలు ఎగిరేవట. తలను మంచం ఊచల మధ్య ఇరికించుకొని చదివేవాడట. నడుస్తూ బోర్డు చదవలేక ఆగి చదవడం నేర్చుకొన్నాడట. స్ట్రెప్టోమైసిన్ పరిశోధనకు వాక్స్‌మన్‌కు నోబెల్ వచ్చిందీ ఆ 1952లోనే. ఆ వ్యాసం చదివేదాకా నాకు జరుగుతున్నదానికి మాటలున్నాయని నాకే తెలియలేదు. ముప్ఫయ్యేళ్ళు భాష చెప్పినదాన్ని, నా సొంత సంగతికి మాట వెదుక్కోలేక పోయాను. కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను.

నా చేయి మీరు పట్టుకోవద్దు. మీరు పట్టుకొంటే మీరు లాగినవైపు నేను ఒరుగుతాను. మీ మోచేయి నాకు ఇవ్వండి, నేను పట్టుకొంటాను. ఏదైనా చూపించాలంటే ముందు ఆగండి, ఆగాక చూపించండి. సినిమాకో నాటకానికో వెళితే దీపాలు ఆర్పకముందే కూర్చోబెట్టండి, నడవ పక్క సీటు. హోటల్లో గోడవైపు కుర్చీ, నా వెనక సర్వర్లు తిరగకుండా. చీకటి పడేలోపల ఇల్లు చేరాలి, లేదా చేతిలో టార్చి ఉండాలి. గోలకొండ పైదాకా ఎక్కమని నేను అడగను, కింద కూర్చుని మీ సంచులు కాస్తాను. కాని ఎక్కాలా వద్దా అన్నది కోట దగ్గరకు వెళ్ళాక నేను చెబుతాను. సముద్రం ఒడ్డున పగటిపూట తడి ఇసుక మీద నడవగలను. రాత్రి పొడి ఇసుక మీద నడవలేను, అక్కడ నాకు మూడింటికి మూడూ పోతాయి. మధ్యాహ్నానికి అలసిపోతాను, ఒక అరగంట కూర్చోనివ్వండి. ఇంతే. దీనికంటే ఎక్కువ జాగ్రత్తలు లెక్కల మేడం షుగరుకు మనం పదేళ్ళుగా తీసికొంటున్నాం, ఆవిడకోసం వేరే గుంపు పెట్టామా?

కర్ర గురించి కూడా ఒక మాట. అది ముసలితనానికి కాదు, మోయడానికీ కాదు. నేల ఎక్కడుందో చేతికి చెప్పడానికి. ఇంకో ఉపయోగం ఉంది. కర్ర లేని రోజుల్లో ఒక సాయంత్రం బస్టాపు దగ్గర నా నడక చూసి ఇద్దరు ఆడవాళ్ళు "తాగిందేమోనే" అనుకొన్నారు. చెవులు బాగా పనిచేస్తాయని చెప్పాను గదా. జరీ అంచు చీర, చేతిలో పరీక్ష పేపర్ల కట్ట. మరుసటిరోజే కర్ర కొన్నాను.

ఊరి సంగతి వ్రాయబోతే ఇంకో వ్యాసమవుతుంది, కనుక క్లుప్తంగా. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు పేర్కొన్నారు. తూకం తప్పడం వాటిలో లేదు. సరే, నాకు పాసు వద్దు, పింఛను వద్దు. మెట్లకు పట్టుకమ్మి కావాలి. 2024 నవంబరు 8న రాజీవ్ రటూరి కేసులో సుప్రీంకోర్టు, అందరికీ అందుబాటుగా కట్టాలన్న నిబంధనలు సలహాల్లా ఉంటే చాలవు, తప్పనిసరిగా పాటించేవి ఉండాలని తీర్పు చెప్పింది. దానికి ఆధారమైన నివేదిక తయారుచేసింది మన హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయమే. ఆ నివేదిక పుట్టిన ఊళ్ళో కల్యాణమండపాల మెట్లు ఇంకా ఎట్లా ఉన్నాయో మీకు తెలుసు. పట్టుకమ్మి పెట్టరు, పెట్టలేదు కాబట్టి ఆవిడ రాకూడదంటారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. మా స్నేహితురాళ్ళు కల్యాణమండపం యజమానితో పోట్లాడి ఉంటే నేను వారికి జీవితాంతం రుణపడి ఉండేదాన్ని. వారు కమ్మి లేని మెట్లను క్షమించి నన్ను శిక్షించారు.

ఇది చదివి మీలో ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి. కోపగించుకొన్న స్నేహితురాలితో పోట్లాడవచ్చు, చాయ్ తాగుతూ రాజీపడవచ్చు. జాలిపడుతున్న మనిషితో ఏం చేయాలో నాకు ఇంతవరకు తెలియలేదు.

నలుగురి గుంపులో నన్ను చేర్చనక్కర లేదు. పాత గుంపులోనే వ్రాశాను, ఇక్కడా వ్రాస్తున్నాను. వచ్చే ఆదివారం ఉదయం దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, పది గంటలకు నాంపల్లి స్టేషన్ లిఫ్టు దగ్గర ఉంటాను. ఎస్కలేటరు దగ్గర వెదకవద్దు. నాకు కుడిచేతిలో కర్ర ఉంటుంది కాబట్టి ఎడమపక్కకు రావాలి, కుడి మోచేయి ఇవ్వాలి. ఎవరూ రాకపోతే పావుగంట చూసి నేనే బయలుదేరతాను. మెల్లగా నడుస్తాను, చాయ్ వేళకు వచ్చినా అందుకోవచ్చు.